గుడ్డి ఎలుగు మూతి విరిగిన సంగతి

చిరంజీవి జసింతాకి, మీ అమ్మమ్మ ఆశీర్వదించి, నోటితో చెప్పి రాయిస్తున్న ఉత్తరం.

ఇక్కడ నా మోకాలు క్షేమం. కోళ్ళు క్షేమం. చలి ముదరకముందే పొయ్యి గొట్టం శుభ్రం చేయించాను, అదీ క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. మనుషులందరూ క్షేమమని మాత్రం రాయించలేను. అది అబద్ధం అవుతుంది. ఈ ఇంట్లోంచి ఈ మధ్య బయటికి పోయిన అబద్ధాలు చాలు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోనులో నేను కాస్త గొంతు పెంచానో లేదో "అమ్మమ్మా, సరిగ్గా వినబడటం లేదు, తర్వాత చేస్తాను" అంటావు. నువ్వుండే ఇన్స్‌బ్రుక్ కొండలన్నీ నేను తిట్టేటప్పుడే నీకు అడ్డొస్తాయి మరి. కాగితం నోరు అలా నొక్కలేవు. చించి పారెయ్యొచ్చు. కానీ చించేముందు ఆఖరి ముక్క దాకా చదువుతావు. పెంచినదాన్ని, ఆ మాత్రం తెలియదా నాకు!

నీ ఉత్తరం అందింది. పక్కింటి ఓడిల్ చదివి వినిపించింది. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్తాను, తర్వాత నేను అడిగేవాటికి నువ్వు చెబుదువుగాని.

క్రిస్మస్‌కి రాలేనేమో, జపాన్‌లో శిక్షణ ఉంది, కోపమా అని అడిగావు. దానికి కోపం లేదు. ఉప్పుచేప చిన్నది కొంటాను, అంతే. మీ అమ్మ లియోన్ నుంచి వస్తుందా అని అడిగావు. ఆస్పత్రిలో దానికి సెలవు దొరికితే వస్తుంది. పోటీల్లో గెలిచిన నీ కప్పులకి దుమ్ము దులుపుతున్నానా అని అడిగావు. లేదు. పెద్ద కప్పులో ఉల్లిపాయలు పోశాను. యూరప్ విజేత అని నీకిచ్చిన వెండి పళ్ళెం కోళ్ళ గూటి దగ్గర నీళ్ళకి పెట్టాను. అవి దాన్ని బాగానే చూసుకుంటున్నాయి.

ఇక ఉత్తరం చివర, పేజీ అడుగున ఇరుకులో, ఇలా రాశావట: "బస్తియాన్‌కి క్లబ్బులో ఏదో ఇబ్బంది అయిందని విన్నాను, పాపం."

అక్కడ ఓడిల్‌ని ఆపమన్నాను. "నిజంగా ఆ మాటే ఉందా?" అన్నాను. "ఉంది, ఇదలీనా. పాపం అనే ఉంది" అంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ పాపమే. జసింతా, నువ్వు ఆ క్షణాన నా ఎదురుగా ఉంటే చేతిలో ఉన్న గరిటె నీ వీపు మీద విరిగేది. నిన్ను నేనెప్పుడూ కొట్టలేదు. అది నా తప్పేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

ఏదో ఇబ్బంది అన్నావు కదా. ఏమీ తెలియనిదానిలా అడిగావు కాబట్టి ఏమీ తెలియనిదానికి చెప్పినట్టే చెప్తాను, విను.

అక్టోబరు చివర్లో నువ్వు ఇంటికొచ్చావు. బూట్ల కంపెనీ వాళ్ళు నీతో వచ్చారు, కెమెరా పట్టుకుని ఇద్దరు. మన అడవిలో గుడ్డి ఎలుగు బండని నువ్వు ఎక్కుతుంటే సినిమా తీసి, వాళ్ళ బూట్లు అమ్ముకోవాలి. రాత్రంతా వాన పడింది. పొద్దున నేను కోళ్ళకి గింజలు వేస్తుంటే నువ్వు నా బీరువాలోంచి తువ్వాళ్ళు తీసుకున్నావు. వంటింట్లోంచి కోడి ఈకలు కాల్చే గ్యాసు గొట్టం తీసుకున్నావు. "ఎందుకే?" అంటే "చిన్న పని, అమ్మమ్మా" అన్నావు. ఆ రోజు మధ్యాహ్నమే కారెక్కి వెళ్ళిపోయావు. సూపు కూడా తాగలేదు. గ్యాసు గొట్టం ఖాళీ. తొట్టిలో రెండు తువ్వాళ్ళు, పిండితే దోసెడు ఇసుక.

మన బండలు ఇసుకరాళ్ళు. తడిస్తే పాలల్లో ముంచిన బిస్కెట్టు. పైన తుడిచి మంట పెట్టి ఆరబెడితే చర్మం ఆరుతుంది, లోపల మెత్తగానే ఉంటుంది. పూర్తిగా ఆరేదాకా దాన్ని ముట్టుకోకూడదని ఇక్కడ పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. నీకు తెలియదా? బూట్లకంటిన మట్టితో బండ అరిగిపోకూడదని దాని కింద పాత తివాచీ ముక్క పరిచి, పాదాలు తుడుచుకుని గానీ ఎక్కేదానివి కాదు. ఆ తివాచీ ముక్క అంచులు కుట్టింది నేను.

నువ్వు ఎక్కావు. ఎలుగు మూతి కింద, రెండు వేళ్ళకి మాత్రమే చోటుండే ఆ అంచు ఊడి నీ చేతిలోకొచ్చింది. కెమెరా వాళ్ళకి కావలసింది అప్పటికే దొరికిందట. ముక్కని అక్కడే పడేసి వెళ్ళిపోయారు, వాళ్ళతో నువ్వూ.

సాయంత్రం బస్తియాన్ రొట్టెల బండి దుకాణం దగ్గర పెట్టి అడవిలోకి వెళ్ళాడు. నువ్వు ఇంకా అక్కడే ఉంటావని, ఒకసారి పలకరిద్దామని. నువ్వు లేవు. విరిగిన ముక్క ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని నిలబడి ఉండగా బండలెక్కేవాళ్ళ క్లబ్బు పెద్ద ఎద్మోన్ కుక్కని తిప్పుతూ అటే వచ్చాడు. ఆ బండని ఎక్కే దారి ఎద్మోన్ కుర్రతనంలో కనిపెట్టింది. ఊళ్ళో ఎవరు కనబడినా ముందు దాని గురించి చెప్పి ఆ తర్వాతే నమస్కారం పెట్టే మనిషి. నాకు అతనే చెప్పాడు, రొట్టెల దుకాణంలో అందరి ముందూ నిలబడి, ముక్కు చీదుకుంటూ.

"ఇది నీ పనేనా?" అన్నాట్ట.

బస్తియాన్ ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడ్డాట్ట.

"నోరు పడిపోయిందా? తడి బండ ఎక్కావా?"

"ఎవరూ కావాలని చెయ్యరు కదా, ఎద్మోన్ గారూ" అన్నాట్ట ఈ మొద్దు.

అదే ఒప్పుకోలు అయిపోయింది. ఊరంతా పాకింది. బుధవారాలు పిల్లలకి బడి లేని పూట వాళ్ళని బండల దగ్గరికి తీసుకెళ్ళి నేర్పేది బస్తియానే కదా. "తడి బండ ముట్టుకోకండి అని మా పిల్లలకి చెప్పినవాడే విరగ్గొట్టాడా!" అని తల్లులు పిల్లల్ని పంపడం మానేశారు. వాడికి పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, ఆ బుధవారమే ఉంది. ఇప్పుడు అదీ తీసేసి, క్లబ్బులోంచి పేరు కొట్టేస్తారట. వచ్చే ఆదివారం కాదు, ఆపై ఆదివారం సభ. ఇదే నువ్వు రాసిన ఏదో ఇబ్బంది.

నాకెలా తెలిసింది అంటావు. నువ్వు వెళ్ళిన మర్నాడు పొద్దున బస్తియాన్ రొట్టె ఇవ్వడానికి వచ్చి, సంచిలోంచి మడత పెట్టిన తువ్వాలు తీసి "మామ్మా, ఇది నీ కంచె మీంచి గాలికి ఎగిరినట్టుంది" అన్నాడు. నేను తువ్వాళ్ళు కంచె మీద ఆరెయ్యను. అది నా పెళ్ళి తువ్వాలు, పోర్చుగల్ నుంచి వచ్చేటప్పుడు చంకలో పెట్టుకుని తెచ్చుకున్నది, మూల మీద నా పేరు మొదటి అక్షరం మా అమ్మ కుట్టింది. నేను చదవగలిగింది ఆ ఒక్క అక్షరమే. బండ పక్కన గడ్డిలో వదిలేసి వెళ్ళావు. ఎద్మోన్ చూడకముందే కోటులో దాచి, ఇంటికి తీసుకెళ్ళి ఉతికాడు పిచ్చివాడు. ఉతకడం చేతకాదు, ఎర్ర అంచు రంగంతా తెల్ల గుడ్డలోకి దిగింది. నేను తీసుకుని బీరువాలో పెట్టాను. ఒక్క మాట అడగలేదు. నువ్వే చెబుతావని చూశాను.

నువ్వు చెప్పలేదు. నీ సినిమా వచ్చింది. ఓడిల్ తన కంప్యూటరులో చూపించింది. ఎలుగు మూతి చెక్కుచెదరకుండా ఉంది, పైన నిలబడి జుట్టు వెనక్కి తోసుకుని "ఈ అడవి నాకు తల్లి లాంటిది" అన్నావు. తల్లి పన్ను ఊడగొట్టి, నెత్తురు తుడవకుండా, ఆమె పక్కన నవ్వుతూ ఫొటో దిగినదానివి నువ్వే.

నీకు గుర్తుందా, పదహారేళ్ళప్పుడు గ్రెనోబుల్‌లో గోడలెక్కే పోటీ? చూడలేక నేను ముఖం మీద శాలువా కప్పుకుని కూర్చున్నాను. ఆఖరి పిడిని రెండు చేతులా పట్టుకుంటేనే గెలుపు. నువ్వు ఒక చేత్తో పట్టుకున్నావు, రెండో చెయ్యి తగిలీ తగలక ముందే జారి పడ్డావు. తీర్పరి చెయ్యి ఎత్తేశాడు, అయిపోయింది, గెలిచావు. జనం లేచి అరుస్తున్నారు. నువ్వు పరుపు మీంచి లేచి, తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళి "రెండు చేతులా పట్టుకోలేదండీ" అన్నావు. పతకం పోయింది. తిరుగు రైల్లో నువ్వు ఏడుస్తుంటే నేను కాల్చిన చెస్ట్‌నట్లు ఒలిచి నీ నోట్లో పెట్టాను. తర్వాత నువ్వు ఎన్ని దేశాల్లో ఎన్ని గోడలెక్కి ఎన్ని తెచ్చినా, మార్కెట్లో నేను చెప్పుకునేది ఇవాళ్టికీ ఆ పోయిన పతకం గురించే. తీర్పరి చూడనిది చెప్పిన పిల్ల ఎక్కడికి పోయింది? ఏ కంపెనీ కొనుక్కుంది దాన్ని?

నువ్వు గోడ మీద ఎంత ఎగిరినా కింద పట్టుకోవడానికి ఒకడుండేవాడు. బస్తియాన్ నీకన్నా ఏమీ తక్కువవాడు కాదు. వేలి నరం తెగింది, వాడి కథ అక్కడే ఆగింది. అప్పట్నుంచి చేతులు చాచుకుని నీ కిందే నిలబడ్డాడు, వానలో, మంచులో. వాళ్ళ నాన్న రొట్టెల బండిలో నిన్ను పోటీలకి తిప్పాడు. నీ మెడలో మొదటి పతకం పిండి వాసన వేసేది.

ఇప్పుడు ఒక సంగతి. ఇంతసేపూ చెప్పకుండా ఉంచాను. ఈ ఉత్తరం రాస్తున్నది ఓడిల్ కాదు. ఓడిల్ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, ఇవి కోడి కాళ్ళలా ఉన్నాయని చదువు రాని నాకే కనబడుతోంది. రాస్తున్నది బస్తియాన్.

రొట్టె తెచ్చాడు. సూపు పోసి, "కూర్చో, మనవరాలికి నాలుగు ముక్కలు రాయాలి, మొదలుపెట్టాక మధ్యలో లేవనని ఒట్టు వెయ్" అన్నాను. పండగ శుభాకాంక్షలు అనుకుని ఒట్టు వేశాడు. మొద్దు, పిచ్చివాడు అని వాడి గురించి వాడి చేతే రాయించాను, కిక్కురుమనకుండా రాశాడు. తువ్వాలు దగ్గరకొచ్చేసరికి కలం ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"నీకు తెలుసా, మామ్మా?"

"రాయవయ్యా."

"ఇది పంపకు. వచ్చే నెల దానికి పెద్ద పోటీ ఉంది. మనసు చెదిరితే వేళ్ళు పట్టు తప్పుతాయి."

"నీ బుధవారం పోతోందిరా!"

"నాకు బండి ఉంది కదా, రొట్టెలున్నాయి."

"నిన్న బడి దగ్గర ఆ బుడతలు నిన్ను చూసి రోడ్డుకి అటుపక్కకి వెళ్ళారట. నిజమా కాదా?"

సూపులో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. కాసేపటికి "ఇది కూడా రాయాలా?" అన్నాడు. "ఇదే రాయాలి" అన్నాను.

చూశావా, జసింతా? ఇప్పటికీ నీ కింద చేతులు చాచుకునే ఉన్నాడు. నువ్వు వచ్చి వాడి మీద పడ్డావు, వాడి నడుం విరిచావు, లేచి దుమ్ము దులుపుకుని జనానికి చెయ్యి ఊపావు. వెనక్కి తిరిగి చూసి "పాపం" అన్నావు.

కాబట్టి విను. ఆ ఆదివారం, పూజ అయ్యాక పది గంటలకి, మున్సిపాలిటీ వెనక గదిలో సభ. నేను బస్తియాన్ పక్కన ముందు బల్ల మీద కూర్చుంటాను. ఎద్మోన్ జేబులో ఫోను ఉంటుంది. నాకు చెయ్యకు, నాకు నీ ఏడుపు అక్కర్లేదు. అతనికి చెయ్. అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టమంటాను. వాన పడిందని, తెలిసే ఎక్కావని, వాడు నిందపడుతున్నాడని తెలిసీ నోరు మూసుకున్నావని, నీ నోటితో చెప్పు.

ఫోను మోగకపోతే నేను లేస్తాను. నా ఫ్రెంచికి వాళ్ళు నవ్వుతారు. యాభై ఏళ్ళుగా నవ్వుతున్నారు, ఇంకొక్క పూట నవ్వుకోనీ. ఈ నిజం బయటికి రావాలా వద్దా అన్నది నీ చేతిలో లేదు. ఎవరి నోట రావాలన్నదే నీ చేతిలో ఉంది.

బూట్ల కంపెనీ వదిలేస్తుందని భయమా? వదిలెయ్యనీ. వేరే బూట్లు కొనుక్కో. పేపర్లో రాస్తారా? రాయనీ.

వీడు నా మాటలు మెత్తబరిచి రాస్తాడేమోనని నాకు అనుమానం. అందుకని ఓడిల్ చేత మొత్తం చదివించుకున్నాకే కవరు అంటిస్తాను. అంటే ఓడిల్‌కీ తెలుస్తుంది. ఏం రాయించినా ఆ ఆదివారం దాకా ఎలాగోలా ఆగుతానని ముందే చెప్పింది, ఆపైన తన వల్ల కాదంది. ఆమె నోటి సంగతి నీకు తెలుసు.

చెప్పాక ఇంటికి రా. జపాన్ ఎక్కడికీ పోదు. ఎద్మోన్ గడప తొక్కేటప్పుడు నీ పక్కన నేనుంటాను. ముసలాడు అరిస్తే ఇద్దరం కలిసి తిట్లు పడదాం. కలం పట్టిన ఈ చేతకానివాడి ముందు మాత్రం నువ్వు ఒంటరిగా నిలబడాలి, అక్కడికి నేను రాను.

చెప్పకపోయినా రావొచ్చు. నా ఇంటి తలుపు నీకు వేసి ఉండదు. కానీ నువ్వొచ్చినప్పుడు నేను కుర్చీలోంచి లేవను.

ఇట్లు,
ప్రేమ తగ్గక, కోపం అసలే తగ్గక,
నీ అమ్మమ్మ ఇదలీనా
(సంతకం బదులు గీసిన కింది గీత నాదే.)