రాజవ్వ అడిగే పాఠం

సిరొంచ, శ్రావణ శుక్రవారం, 1871

దవాఖాన పరీక్షలో నేనే మొదటివాణ్ణి. ఆ సంబరంలో రాత కూడా కుదరడం లేదు.

చదువు రాని రోగికి జ్వరం మందు వేళలు ఎట్లా చెప్తారని డాక్టరు దొర అడిగారు. మిగతా ముగ్గురూ ఉర్దూ పుస్తకం అప్పజెప్పారు. నేను, "గొడ్లు మేతకు పోయేటప్పుడు ఒక పొట్లం, ఇంటికొచ్చినంక ఒకటి" అన్నాను. ఆ మాట నాది కాదు, నేను భోంచేసే ఇంటి రాజవ్వది. ఏడాదిగా ఆనాటి పాఠం తనకు అర్థమయ్యేదాకా చెప్పించుకుని గానీ ఆమె విస్తరి వేయలేదు.

ఇవాళ పరుగున వచ్చి చెప్పాను.

"మంచిగయింది బిడ్డా. ఏమేం అడిగిన్రో ముందుగాల చెప్పు, బువ్వ పెడ్త" అంది.

వచ్చే నెల పెద్ద చదువుకు నాగపూర్ పంపుతారట. అక్కడ ఏమీ అడక్కుండానే వడ్డిస్తారేమో.