పెరటి పొయ్యికి ఊతం తీసిన రోజు

అక్కకు,

దండాలు. నేనూ నీ మరదలూ క్షేమం. నువ్వూ బావా కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. క్షేమమని రాయాలి కాబట్టి రాశాను గానీ, నా నడుము మాత్రం ఆ మాటకు ఒప్పుకోవడం లేదు. పగలంతా సిమెంటు కొట్లో బస్తాలు దించి, సాయంత్రం పెరట్లో ఇటుకలు మోసి, నలభై మూడేళ్లకే వంగి నడుస్తున్నాను. ఈ రోజు సెలవు కాబట్టి వంటింటి బల్ల దగ్గర కూర్చుని తీరిగ్గా రాస్తున్నాను.

నీ మరదలికి దగ్గు తగ్గింది. మీ ఇద్దరి కోసం పెరటివైపు గదికి సున్నం కొట్టాను. కిటికీ రెక్క ఇంకా పట్టేస్తోంది, మీరు వచ్చేలోగా చిత్రిక పట్టాలి.

ఇక పొయ్యి సంగతి. ఎన్ని రొట్టెలు పడతాయని అడిగావు. పన్నెండు, కాస్త ఒత్తుగా పెడితే పద్నాలుగు. ఇరవై ఏళ్లు బేకరీలో పిండి పిసికిన చేతులు నీవి. అది మూతపడినంత మాత్రాన నువ్వు ఊరికే కూర్చోలేవని నాకు తెలుసు. నువ్వు పిసుకు, బావ కాలుస్తాడు. అందుకే పొయ్యి నోరు తక్కువ ఎత్తులో పెట్టాను. స్టూలు మీద కూర్చుంటే సరిగ్గా ఆయన మోచేతికి వస్తుంది, కాలి మీద బరువు పడదు. ఆ కొలత కోసం నీ మరదలిని స్టూలు మీద కూర్చోబెట్టి పదిసార్లు చేతులు చాపించాను. "దర్జీ కూడా ఇన్ని కొలతలు తీయడు" అని విసుక్కుంది.

మొదటిసారి నోరు మరీ పెద్దదిగా పెట్టాను. అలా ఉంటే వేడంతా బయటికే పోతుంది. ఇన్నేళ్లు అందరి ఇళ్లూ కట్టి, శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, నా పెరట్లో నేనే తప్పు కట్టాను. మళ్లీ విప్పి కట్టాను. లోపల నిప్పుకు తట్టుకునే ఇటుకలు, బయట మామూలువి. సిమెంటు వేడికి పగులుతుందని లోపల వాడలేదు. జల్లెడ పట్టిన బంకమట్టీ ఇసుకా కలిపి వాడాను.

ఇంకా ఎందుకు వెలిగించలేదని అడిగావు. దీనికి జవాబు చెప్పడం కష్టంగా ఉందక్కా. ఫోన్లో అయితే నీ గొంతు వినగానే మాట మార్చేస్తాను. అందుకే కాగితం తీసుకున్నాను.

పొయ్యికి కమాను కప్పు కట్టాలంటే ముందు కింద చెక్కతో సెంట్రింగ్ పెట్టాలి. ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడేదాకా వాటిని మోసే ఊతం అది. నా సగం జీవితం ఆ పనిలోనే పోయింది. కప్పు పూర్తయి ఇరవై రెండు రోజులైంది. మట్టి ఎండిపోయి గట్టిపడింది. అయినా నేను ఊతం తీయలేదు. చెయ్యి పెట్టడం, వెనక్కి తీసుకోవడం. "పొయ్యి కట్టావా, బొమ్మ కట్టావా?" అంది నీ మరదలు. పక్కింటి వడ్రంగి సరదాకి లాగబోతే అరిచాను. ఆయన ఇప్పటికీ నన్ను పలకరించడం లేదు.

ఈ పొద్దున తీశాను. సెంట్రింగ్ కింది చెక్క ముక్కల్ని ఒక్కొక్కటే సుత్తితో తట్టి వదులు చేశాను. అది వేలెడు దిగింది. కప్పు కదల్లేదు. రవ్వంత మట్టి కూడా రాల్లేదు. నీ మరదలు చప్పట్లు కొట్టింది. నేను అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చాను.

పోయిన ఉత్తరంలో బావ గురించి రాశావు కదా, "పొయ్యి దగ్గరైనా నిదానంగా ఉంటారో లేదో, తొందరపడి కాలు పోగొట్టుకున్న మనిషి" అని. మూడేళ్లుగా ఏ ఉత్తరం చూసినా ఆయనకు ఒక దెప్పు ఉంటూనే ఉంది. అక్కా, తొందరపడింది బావ కాదు. నేను.

అప్పుడు బావ నా కింద పనిచేస్తున్న ఆ మేడలో, మెట్ల దగ్గరి స్లాబుకు ఇంజనీరు పద్నాలుగు రోజులు ఆగమన్నాడు. పై అంతస్తుకు సెంట్రింగ్ పలకలు కావాల్సి వచ్చి, పదో రోజునే ఊతకర్రలు తీయమన్నాను. "ఇంకా పచ్చిగా ఉందేమోరా, నాలుగు రోజులు చూద్దాం" అన్నాడు బావ. "మేస్త్రీవి నువ్వా నేనా? తియ్" అన్నాను. నలుగురి ముందు అన్నాను. ఆయన వెళ్లి తీయడం మొదలుపెట్టాడు. మూడో కర్ర తీసేసరికి స్లాబు ఆయన మీదికి వచ్చింది.

ఎవరు తీయమన్నారని ఇంజనీరు అడిగాడు. నా నోరు పెగల్లేదు. కింద పడి ఉన్న బావే "నేనే తొందరపడ్డాను సార్" అన్నాడు. ఆస్పత్రిలో నేను నీతో చెప్పేస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దురా. తమ్ముడంటే దానికి ప్రాణం. నన్నయితే నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటుంది" అన్నాడు. నాకూ కావాల్సింది అదే కాబట్టి ఊరుకున్నాను. మేస్త్రీ పని మానేశాను. నీతో మాత్రం నడుం నొప్పి వల్లనని చెప్పాను.

ముద్ద నమలడానికే పావుగంట తీసుకునే మనిషి తొందరపడ్డాడంటే నువ్వెలా నమ్మావక్కా? ఎప్పుడో ఒకప్పుడు నీకే అనుమానం వస్తుందని ఎదురుచూశాను. నువ్వు అడిగితే చెప్పేద్దామనుకున్నాను. నువ్వు అడగలేదు. పొయ్యి కట్టడానికి సాయం వస్తానని బావ అంటే ఎందుకు వద్దన్నావని కూడా అడిగావు. ఆయన పక్కన నిలబడి మళ్లీ సెంట్రింగ్ కొట్టే ముఖం నాకు లేదు.

రేపటి నుంచి వారం పాటు పొయ్యిలో చిన్న చిన్న మంటలే పెట్టాలి, లోపలి తడి నెమ్మదిగా ఆరాలి. ఈసారి తొందరపడను. నెలాఖరుకు వస్తామన్నారు. ఇది చదివాక వస్తారో మానేస్తారో నీ ఇష్టం. మీరు రాకపోతే, ఒక్కో ఇటుకా విప్పి మీరు ఉన్న చోటికే తెచ్చి కడతాను. నన్ను లోపలికి రానివ్వకపోయినా కట్టేసి వెళ్తాను.

నేను చెప్పేశానని బావకు కోపం వస్తుంది. రానీ. ఈ మూడేళ్లూ నువ్వు తిట్టిన తిట్లన్నీ నావి, నా బదులు ఆయన తిన్నాడు. ఆయన్ని ఇంక ఒక్క మాట అనకక్కా. ఏమన్నా అనాలనిపిస్తే నాకు రాయి.

ఇట్లు,
ఆ రోజు నోరు మెదపని
నీ తమ్ముడు