నీరు పట్టిన మోకాలు

1989 మార్చి 6
కుడి మోకాలి వాపు ఇంకా దిగలేదు. నొప్పి అంతగా లేదు — బరువు. లోపల నీటి తిత్తి పెట్టి కుట్టినట్టు. మంచం దిగేటప్పుడు మడత పడదు.

మార్చి 8
పోయిన నెల బీడీ ఆకు చిగురు కోసం తునికి కొమ్మలు కొట్టించడానికి అడవిలో తిరిగినప్పుడు తొడకు గొడ్ల పిడుదు పట్టింది. పీకి పారేశాను. తరువాత జ్వరం, అదీ తగ్గింది. అయిపోయిన సంగతి అనుకున్నాను. మోకాలికీ దానికీ లంకె ఉందో లేదో... రాసి పెడుతున్నాను.

మార్చి 11
ఆకు కాంట్రాక్టరు జీపు తోలే యాకూబ్ వచ్చాడు. వాకిట్లోనే నిలబడి — "ఏంది సాంబన్నా, కాలు జాపుకొని కూసున్నవ్, జమీందారు లెక్క!" నవ్వాను. పోతూ పోతూ అసలు మాట చెప్పాడు. ఏప్రిల్ ఆఖరుకు ఆకు మొదలు. ఆకు కొనే కల్లంలో నా చోటుకు మేనేజరు తన బావమరిదిని అనుకుంటున్నాడట. "లేస్తడా లేవడా, అదే అడుగుతుండు."
లేస్తానని చెప్పమన్నాను.

మార్చి 12
గొంతుక్కూర్చోలేకపోతే కల్లం పని లేదు. వరస వెంట కూర్చుంటూ లేస్తూ ఆకు కట్టలు విప్పి చూడాలి. నిలబడి పైపైన చూసి కట్ట లెక్కలోంచి తీసేస్తే, తెచ్చిన ఆడవాళ్ళు మోసం అంటారు. న్యాయమే. ఏడాదంతా ఆ పని మీదే గడవాలి.

మార్చి 15
కమల జీడి పెట్టింది. జీడిగింజకు సూది గుచ్చి, దీపం మీద కాల్చి, ఊరిన నూనెతో మోకాలి చుట్టూ చుక్కలు. నీరు గుంజుతుందని. వాళ్ళ పుట్టింట్లో అందరికీ ఇదే వైద్యం. "కదలకు. చిన్న పోరని లెక్క ఏందయ్యా నువ్వు?" కదలలేదు.

మార్చి 17
బొబ్బలు. రసి కారుతోంది. కమల అటు చూడటం లేదు.

మార్చి 20
భద్రాచలం. బస్సులో కాలు దారిలోకి జాపి, ఎక్కేవాళ్ళతో దిగేవాళ్ళతో తిట్లు తిన్నాను. డాక్టరు గారు పంచె జరిపి చూసి, బొబ్బల చుట్టూ వేలితో నొక్కాడు. తరువాత — "ఈ చుక్కలు ఎవరు పెట్టిండ్రు?" కమల నా వెనకే ఉంది. "నేనే" అన్నాను. "మంచి పని చేసినవ్. ఇప్పుడు సూది ఎక్కడ గుచ్చాలె?"
మోకాట్లోంచి నీరు తీసి చూడాలట. పుండు మీదుగా సూది పోతే పై చీము లోపలికి పోతుందట. చర్మం మానేదాకా ఆగాలి.

మార్చి 21
డాక్టరు చెప్పింది, మరిచిపోకముందు. రక్తంలో తెల్లకణాలు ఉంటాయి. క్రిమి వస్తే తరిమేవి అవే. ఒక్కోసారి క్రిమి పోయినా అవి కీలు వదలవు. ఇంకా కొన్నిటిని పిలుస్తాయి. కీలు లోపలి పొర వాస్తుంది, నీరు ఊరుతుంది. "చేనుకు కావలి పెడ్తరు కదా. పందులు పోయినయ్, కావలోళ్ళు పోలే. ఇప్పుడు చేను తొక్కేది ఆళ్ళే."
క్రిమి ఉంటే ఒక మందు. కావలివాళ్ళే అయితే కీల్లోకి ఇంజెక్షను, చల్లబడుతుంది. లోపల క్రిమి ఉండగా ఆ ఇంజెక్షను చేస్తే కీలే పోవచ్చు. అందుకే నీరు చూడాలి.
పిడుదు సంగతి చెప్పాను. పిడుదు కుట్టి మోకాళ్ళు వాచే జబ్బు పై దేశాల్లో ఉందని చదివాడట. "నీది అదేనని అనలేను. చూసే పరీక్ష ఇక్కడ లేదు."

మార్చి 22
ఆ కణాలు నా ఒంట్లోవే. ఎవరిని తిట్టాలి.

మార్చి 29
ఎండ. అలసట. ఏ పనీ చేయకుండా ఇంత అలసట ఎక్కడిదో.

ఏప్రిల్ 2
అన్నం పెడుతూ కమల — "నేనే అని ఎందుకన్నవ్ ఆడ? నాకు నోరు లేదా?" నేను అన్నం కలుపుకుంటున్నాను. "తిట్టరాదూ ఒకసారి. అయిపోతది." తిట్టడానికీ ఓపిక కావాలి.

ఏప్రిల్ 11
మళ్ళీ భద్రాచలం. బొబ్బలు మాని నల్ల మచ్చలు మిగిలాయి. కాలు కమలనే పట్టుకోమన్నాడు. "గట్టిగ పట్టు అమ్మా, మీ ఆయన తన్నుతడు." నీరు పసుపు పచ్చగా, మబ్బుగా, సిరంజి నిండా. సూక్ష్మదర్శినిలో నన్నూ చూడనిచ్చాడు. గుండ్రటి చుక్కలు, సందు లేకుండా. "అన్నీ నీ కావలి ఫౌజే." క్రిమి కనబడలేదు. అయినా కొంత నీరు ఖమ్మం పంపుతాడట, క్రిమి పెరుగుతుందేమో చూడటానికి.

ఏప్రిల్ 16
ఖమ్మంలో ఏమీ పెరగలేదట. ఇంజెక్షను అయింది. మూడు వారాలు కాలికి పని చెప్పొద్దన్నాడు. తల ఊపాను. ఆకు అంతకంటే ముందే.

ఏప్రిల్ 22
వాపు దిగింది. మోకాలి చిప్ప కనబడుతోంది. గోడ పట్టుకుని గొంతుక్కూర్చున్నాను. లేచాను.

ఏప్రిల్ 24
యాకూబ్. "ఎల్లుండి పొద్దుగాల నేనొస్త. మేనేజరు ముంగట కూసోని లేసి సూపియ్యాలంట. పెళ్ళిచూపులే అన్నా నీకు!" లోపలి నుంచి కమల — "పూలు గిట్ల పెట్టి పంపాల్నా?" చాలా రోజులకు ఆమె నవ్వు విన్నాను.

ఏప్రిల్ 25
లేచేసరికి ఎడమ మోకాలు వెచ్చగా ఉంది. వాపు లేదు. నిన్నటి ఎండకేమో. కుడిది పట్టి చూశాను — చల్లగానే ఉంది. మళ్ళీ ఎడమది...
కమలకు చెప్పలేదు. ఆమె రేపటికి సంచి సర్దుతోంది. సర్దడం ఆపి వచ్చి పక్కన కూర్చుంది. చెయ్యి ఎడమ మోకాలి మీదే పెట్టింది. ఎట్లా కనిపెట్టిందో. నేను ఆమె ముఖం చూస్తున్నాను. చెయ్యి తీయదు.