పందుల కొట్టంలో నా వాటా

లాంకషైర్‌లోని థార్న్‌క్లఫ్ ఊరు, పన్నెండో నంబరు ఇంటి పెరటి వాటాలో ఉంటున్న విన్‌ఫ్రెడ్ ఎంట్విజిల్ అనే నేను, వయసు డెబ్బై తొమ్మిది, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, మనసు స్థిమితంగా ఉండగా, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. మనసు బాగుందని డాక్టరు కాగితం ఇచ్చాడు. మోకాళ్ల సంగతి ఆయన రాయలేదు, నేనూ రాయను. నా తదనంతరం దీన్ని అమలు చేయవలసినవాళ్లు నా కోడలు హేజెల్, లాయరు పికప్ గారు. పికప్ గారూ, నా తప్పులు దిద్దకండి.

1. ఈ వాటా గోడలు నావి కావు, హేజెల్‌వి. ఒకప్పుడు ఇది పందుల కొట్టం. దీన్ని నాకోసం ఇల్లుగా మారుస్తానని నా కొడుకు గారెత్ కౌన్సిల్‌కి అర్జీ పెట్టుకున్నాడు. అనుమతి రావడానికి పదకొండు నెలలు పట్టింది. కిటికీలు బిగించాడు. రంగులు వెయ్యకముందే గుండె ఆగి పోయాడు, నలభై ఆరేళ్లకి. ఇంతకంటే రాయలేను. రంగులు హేజెలూ నేనూ వేశాం.

2. ఇది వేరే ఇల్లు అయిపోకూడదని కౌన్సిల్ షరతులు పెట్టింది. వేరే తపాలా పెట్టె వద్దు, వేరే గేటు వద్దు, ఓవెన్ అసలే వద్దు. అద్దెకిచ్చేస్తామని వాళ్ల భయం. దాంతో నా ఉత్తరాలు ఇవ్వడానికి హేజెల్ రోజూ నా తలుపు తట్టాల్సి వచ్చింది. ఆదివారం మాంసం కాల్చడానికి నేను తన వంటింటికి పోవాల్సి వచ్చింది. లేకపోతే వాడు పోయాక ఇద్దరం చెరో తలుపూ వేసుకుని కూర్చునేవాళ్లం. ఆ షరతులు రాసిన ఆఫీసరుకి మూడు సీసాల ప్లమ్ జామ్ ఇవ్వాలి. లంచం కాదు, పోయాకే కదా ఇస్తున్నాను.

3. అసలు సంగతి ఇది. అనుమతి కాగితంలో "శ్రీమతి విన్‌ఫ్రెడ్ ఎంట్విజిల్ నివసించినంత కాలమే" అని ఉంది. నేను పోతే అన్నీ పీకేసి మళ్లీ కొట్టం చెయ్యాలి. అప్పుడు హేజెల్ ఒంటరిదైపోతుంది. అందుకని నా పేరు తీసి డోరీన్ ఫెయిర్‌హర్స్ట్ పేరు పెట్టమని వెంటనే అర్జీ పెట్టండి.

4. డోరీన్ హేజెల్‌కి తల్లి, నాకు వియ్యపురాలు. గేటుకి కౌన్సిల్ నోటీసు అంటించిన రోజు వీధంతా వినేలా, "వదినగారూ, పందుల్ని ఖాళీ చేయించారా, సర్దుకుపోతున్నారా?" అంది. గారెత్ నవ్వి నవ్వి నిచ్చెన మీద నిలవలేక దిగిపోయాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. అయినా ఇప్పుడు తుంటి నొప్పితో మూడో అంతస్తులో ఉన్న తన ఇంటికి ఎక్కలేక ఏడుస్తోంది. హేజెల్ రమ్మంటే, "ఎవరికీ బరువు కాను తల్లీ" అంటుంది. బరువేమిటి, బడాయి! నా కుర్చీ, నా కెటిల్, నా పిల్లి డోరీన్‌కి. పిల్లిని ఒప్పుకుంటేనే మిగతావి.

5. హేజెల్‌కి గారెత్ పనిముట్ల పెట్టె. ఇంకో మాట. మళ్లీ పెళ్లి చేసుకోవాలనిపిస్తే చేసుకో అమ్మాయ్. కౌన్సిల్ కాగితం మొత్తం చదివాను, దానికి అడ్డేమీ లేదు.

సాక్షి సంతకానికి డోరీన్‌ని పిలవడం నా తెలివితక్కువే. తను పెన్ను పట్టుకున్నాక పికప్ గారు, "వీలునామాలో ఏదైనా వచ్చేవాళ్లు సాక్షి సంతకం పెడితే వాళ్లకి అది దక్కదండీ" అన్నారు.

"అయితే నాకేదో వస్తోందన్నమాట! ఏమిటి వదినా?" అంది డోరీన్.

నేను కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాను. తను నా చేతి కింద నుంచి చదివేసింది.

2011 మార్చి 14, సోమవారం.

(సంతకం) విన్‌ఫ్రెడ్ ఎంట్విజిల్

సాక్షులు: పక్కింటి నోరా హావర్త్, రొట్టెల బండి ట్రెవర్ నటాల్.

డోరీన్ సంతకం పెట్టలేదు. తన మంచం ఈ తలుపులో పడుతుందో లేదోనని బయట చేతికర్రతో కొలుస్తోంది.