విజయక్క గొంతు ఆ ఫోన్‌లోనే ఉంది

జూన్ 9, సోమవారం

పొద్దున్నే ఫోన్ తీశాను. మెసేజీల యాప్ తెరుచుకోలేదు. ‘ఈ ఖాతాను నిషేధించాం’ — అంతే. కింద ఒక ఆకుపచ్చ బటన్. నేనేం చేశానని?

నిన్న చేసిన పనే అయ్యుండాలి. విజయక్క కోసం మా పాత నాటకం మళ్లీ వేస్తున్నాం కదా... ఆ సంబరంలో ఆహ్వానపత్రిక ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ పంపేశాను. పాలాయనకి, గ్యాస్ వాళ్లకి, ఎప్పుడో ఇల్లు చూపించిన బ్రోకర్‌కి కూడా. ఎవరో విసుక్కుని ఫిర్యాదు చేసి ఉంటారు.

జూన్ 10

మధ్యాహ్నం విజయక్క కూతురు లావణ్య ఫోన్ చేసింది. పక్షవాతం వచ్చినప్పటి నుంచీ అక్కకి మాట లేదు. మాట నేర్పే డాక్టరమ్మ అడిగిందట — ఆవిడ పాత గొంతు ఎక్కడైనా రికార్డయి ఉందా, వినిపిస్తే మేలు అని.

“అమ్మ ఫోన్ ఖరాబైంది, మా తాన అన్నీ ఫొటోలే ఉన్నయ్ పిన్నీ. అమ్మ డైలాగులన్నీ నీకే పంపేది గదా. నీ ఫోన్ల ఉంటయ్ గదా?”

“ఉంటాయమ్మా” అన్నాను.

ఉన్నాయి. నేనే లోపలికి వెళ్లలేకపోతున్నాను. ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

జూన్ 11

ఆకుపచ్చ బటన్ నొక్కాను. మళ్లీ పరిశీలించమని అడగొచ్చట. మెసేజ్‌లో అంకెలు వచ్చాయి, కొట్టాను. ‘మీరు చెప్పదలచుకున్నది రాయండి’ అని ఖాళీ డబ్బా. తెలుగు టీచర్ని కదా, పేజీడు రాశాను. చెరిపేశాను. చివరికి — ‘నేను వ్యాపారం చేయను. తెలిసినవాళ్లని నాటకానికి పిలిచాను. మాట పోయిన నా స్నేహితురాలి గొంతు ఇందులోనే ఉంది.’

‘పరిశీలిస్తున్నాం’ అని వచ్చింది. 

జూన్ 12

బడి తెరిచారు. పిల్లల గోల. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య ఫోన్ చూడటం... ఏమీ లేదు.

జూన్ 13

సాయంత్రం నారాయణగూడలో ఫోన్ల షాపు. షాపాయన ఫోన్ అంతా వెతికాడు. ఫొటోలు దొరికాయి, గొంతులు దొరకలేదు.

“పరేషాన్ గాకుండ్రి మేడం. కొత్త నంబర్ తీస్కోండ్రి, పది నిమిషాల్ల కొత్త ఖాతా అయితది.”

“పాతవి వస్తాయా?”

“పాతవి రావు.”

“అయితే వద్దు.”

“పోనీ యాప్ తీసేసి మళ్ల ఎక్కిద్దామా?” అని వేలు పెట్టబోయాడు. తీసేస్తే ఉన్నవీ పోతాయని ఫోన్ లాక్కున్నాను. ఆయన పాపం బిత్తరపోయాడు.

ఇంటికి రాబుద్ధి కాలేదు. అశోక్‌నగర్ దాకా నడిచాను. మేము రిహార్సల్స్ వేసుకున్న మేడమీది హాలు ఇప్పుడు పోటీ పరీక్షల పిల్లల రీడింగ్ రూమ్. గుమ్మంలో చెప్పుల కుప్ప. లోపల అరలు అరలుగా బల్లలు, ఒక్కో బల్లకి ఒక్కో వంచిన తల. గోడ మీద ‘నిశ్శబ్దం’ అని బోర్డు. మా గోలకి కింద టైలర్ మెట్లెక్కి వచ్చి మొత్తుకునేవాడు ఇక్కడే. వచ్చినవాడు కాస్తా ఆగి, రెండు సీన్లు చూసి వెళ్లేవాడు.

ఆ కిటికీ పక్క కుర్చీలో విజయక్క. పెళ్లయిన కొత్తలో, ఆఫీసు నుంచి టిఫిన్ డబ్బాతో సహా నేరుగా వచ్చేసేది. నేనేమో చిక్కడపల్లిలో పుట్టి పెరిగినా ఇంట్లో వినే గుంటూరు మాటే మాట్లాడేదాన్ని. “శారదా, గా సాగదీసుడేందే? నీ డైలాగు అయ్యేలోపల ప్రేక్షకులు కాచిగూడ స్టేషన్‌కి పోయి రైలెక్కుతరు!” ఎంత నవ్వుకున్నామో. రిహార్సల్ అయ్యాక మిర్చిబజ్జీలు, వానాకాలమైతే ఒకే గొడుగు.

మెట్ల మీదే నిలబడ్డాను. లోపలి నుంచి ఒకమ్మాయి వచ్చి, “ఎవరు గావాలె ఆంటీ?” అంది. 

మెట్లు దిగి వచ్చేశాను.

జూన్ 14

‘నిబంధనలకు విరుద్ధం. నిషేధం కొనసాగుతుంది.’

లావణ్యకి చెప్పేశాను. “గంతమందికి ఎందుకు పంపినవ్ పిన్నీ...” 

హాలు నిండాలని. అక్క వచ్చి కూర్చుంటే వెనక ఒక్క కుర్చీ కూడా ఖాళీగా కనిపించకూడదని.

మళ్లీ రాశాను ఆ యాప్ వాళ్లకి. ఈసారి బతిమాలాను.

జూన్ 17

తెరుచుకుంది! స్టాఫ్‌రూమ్‌లో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. సంజాయిషీ లేదు, ఏమీ లేదు. మళ్లీ వాడుకోవచ్చని ఒక్క ముక్క.

అన్నీ ఉన్నాయి. ఇంటికొచ్చి ఒక్కొక్కటే విన్నాను. డైలాగులు, మధ్యలో కుక్కర్ కూతలు, ఆటో హారన్లు. “ఆ చీర కట్టకే, సుల్తాన్ బజార్ల కొన్నం జూడు, గది కట్టు.” ఆఖరిది మార్చిలో — “శారదా, రేపు వచ్చేటప్పుడు చింతచిగురు తే, దొరకకుంటే ఉత్తగనే రా.”

అది మాత్రం మళ్లీ వినలేకపోయాను.

జూన్ 18

నారాయణగూడలో విజయక్క ఇంటికి వెళ్లాను. అక్క మంచం మీద, వీపుకి దిండ్లు. లావణ్య ఫోన్ తీసుకుని గట్టిగా పెట్టింది. గది నిండా విజయక్క గొంతు.

అక్క విన్నది. మొదట కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత బాగున్న చెయ్యి చాపి, ఫోన్ మీద బోర్లించి అలాగే ఉంచింది. చెయ్యి కింద గొంతు ఇంకా వస్తోంది. ముఖం గోడవైపు తిప్పుకుంది.

“ఆపు లావణ్యా” అన్నాను.

దీనికోసమా ఇంత ఆరాటపడ్డాను.

జూన్ 20

మళ్లీ వెళ్లాను. ఫోన్ బ్యాగులోంచి తీయలేదు. ఏం మాట్లాడాలో తెలియక, నా డైలాగు చెప్పి చూపిస్తానన్నాను. ‘తాళంచెవి నా దగ్గరే ఉంది. కానీ లోపలికి రమ్మనేవాళ్లే లేరు.’ ఏడుపు అడ్డొచ్చి, తాళంచెవి దగ్గరే ఆగి, ఊపిరి పీల్చి, పాడుగా సాగదీశాను.

అక్క కనుబొమలు ముడిపడ్డాయి. చెయ్యి విసిరింది. పెదవులు మెలితిరిగాయి.

“కా... దు.”

లావణ్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. “అమ్మా! మళ్లోసారి అను!” 

అక్క ఆమెవైపు చూడనేలేదు. నావైపే... కోపంగా. అచ్చం రిహార్సల్‌లో చూసినట్టే. మేమిద్దరం ఏడుస్తుంటే విసుక్కుని కళ్లు మూసుకుంది.

జూన్ 21

ఇవాళ జాగ్రత్తగా, చక్కగా చెప్పాను. ఎక్కడా తడబడలేదు. అక్క విని, తల ఊపి ఊరుకుంది. మాట లేదు.

డాక్టరమ్మ, అది కోపంలో దానంతటదే వచ్చిన మాట కావచ్చు, మళ్లీ వస్తుందని చెప్పలేం అందట.

రేపు ఆదివారం, పొద్దుటే వెళ్తాను. రెండో సీన్ మొత్తం చదవాలి. ఏ డైలాగు ఎంత చెడగొట్టాలో... ఇంకా తేలడం లేదు.