పాదాలున్న అక్షరాల పంపకం

పైన దేవుడు, ఈడ ఆసుపత్రి వార్డులోని మనుషులు వినగా: పెనుకొండలో అచ్చు యంత్రం నడుపుకుంటూ సంతల్లో దేవుని వాక్యం చెప్పే ఇమ్మానుయేలు అనే నేను, మతి స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా నా చేత్తో రాస్తున్నాను. రాత వంకర పోతే అది భయం. రేపు నన్ను బెంగళూరు తీసుకుపోయి గుండె కోస్తారు. నరకాగ్ని గురించి జనాన్ని వణికించినవాణ్ణి, దుప్పటి కింద నేనే వణుకుతున్నాను. అంతకన్నా పెద్ద భయం మూడో అంశంలో ఉంది.

1. ఇల్లు, నా వాక్యగ్రంథం ధర్మవరంలో ఉన్న నా కూతురు గ్రేస్‌కు. అంచుల్లో నా రాతలు చెరపొద్దమ్మా. నేను బడికి పోలేదు. అచ్చు సీసంలో తిరగబడి ఉన్న అక్షరాలు చూసి నేర్చుకున్నవాణ్ణి.

2. నన్ను "బడి మొగం చూడని బోధకుడు" అన్న పాస్టరుగారికి నా మైకు. నా సమాధి దగ్గర మాత్రం ఆయన నోరు విప్పరాదు. విప్పితే లేచి జవాబు చెబుతాను.

3. ఇక నా సీసపు అక్షరాలు. సన్నగా మొదలై, నడుమ లావెక్కి, కొసన చిన్న పాదం మోపి నిలబడే అక్షరాలవి. ఇంగ్లీషు పాత పుస్తకాల అచ్చు చూసి మన తెలుగుకు ఎవరో మహానుభావుడు పోతపోశాడు. పెళ్లి పత్రికలు, పట్టుచీరల పెట్టెల మీది పేర్లు, టీ అంగడి యూనస్ ఇంటి నిఖా కార్డులు, నా సువార్త పత్రికలు, అన్నీ వీటితోనే వేశాను. వాక్యగ్రంథంలోని అక్షరంలా ఉందని జనం కళ్లకద్దుకుంటారు. అదే ఇప్పుడు నా భయం.

నేను మంచాన పడగానే నా తమ్ముడి కొడుకు ప్రకాశం ఈ అక్షరాలతో ఒక కరపత్రం వేశాడు: తను అమ్మే నూనె రాసుకుంటే షుగర్ మాత్రలు అక్కర్లేదని. అడిగితే, "దేవుని పనే గదా పెదనాయనా!" అన్నాడు. నమ్మి మాత్రలు మానిన కుళ్ళాయమ్మ కాలు నల్లబడి ఇదే ఆసుపత్రిలో ఉంది. "నీ అక్షరం అబద్ధమాడతాదా అయ్యగారూ?" అని నన్నే అడిగింది. ఆ కాగితాలు పరిగి సంతలో, ముదిగుబ్బ బస్సుల్లో ఇంకా చేతులు మారుతున్నాయి.

4. ఈ అక్షరాలు కరిగించమని రాశాను, కొట్టేశాను. మనసొప్పలేదు. పై రెండు అక్షరాల పెట్టెలు గ్రేస్‌కు, కింది రెండూ ప్రకాశానికి. ఒకరి పెట్టెలు లేకుండా ఇంకొకరికి ఒక్క వరుసా నిండదు. గ్రేస్‌కు అక్షరాలు కూర్చడం రాదు, ప్రకాశానికి ఆగడం రాదు. "వాడున్న షాపులో కాలు పెట్టను నాయనా" అన్నావు గదమ్మా. పెట్టాల్సిందే.

5. ఈ అంశం నా చావుదాకా ఆగదు. సాక్షుల సంతకాలు పడిన పొద్దే ఇద్దరూ కూర్చుని ఇది అచ్చు వేయాలి: "మాత్రలు మానమన్నది నేను కాదు. మానినవాళ్లు ఈ పొద్దే ఆసుపత్రికి పోండి. ఇమ్మానుయేలు." కంప్యూటరు అక్షరాలతో వద్దు, జనం నమ్మరు. అమలు బాధ్యత ధర్మవరం చీరల వ్యాపారి తిమ్మరాజుగారిది. అది పరిగి సంతకు చేరిందాకా, నేను పోయినా సరే, నన్ను పూడ్చొద్దు.

హిందూపురం, 14 జూలై 2025
(సంతకం) ఇమ్మానుయేలు

సాక్షులు:
యూనస్, టీ అంగడి (సాక్షికి ఆస్తి ఇవ్వకూడదట, నా దండాలు మాత్రం తీసుకో అప్పా)
చౌడక్క, వార్డు ఆయా