కొత్త టర్బో, పాత బ్రేకులు

జూన్ 1, పుంగనూరు

లారీ మళ్ళీ మరిగింది. పలమనేరు కూడా దాటకముందే. మునిరత్నం ఫోన్ చేశాడు. తమ్ముడు అని రాయడానికి ఈ రోజు మనసు రావడం లేదు. "ఏం లేదక్కా, రోంత ఆవిరి." రోంతట. వెనకాల నిండా టమోటా. మదనపల్లె మండీ నుంచి, మాకు లోడు కట్టే రెడ్డప్ప నాకు ఫోన్ చేసి, చెన్నై వాళ్ళ దగ్గర తన పరువు పోయిందని అరుపులు. తెల్లవారి వేలానికి ముందు చేరిన లారీకి ధర. తర్వాత చేరిన లారీకి దయ. ఆ మాత్రం నాకూ తెలుసు, నాన్న తోలినన్నాళ్ళూ విన్నదే కదా. అయినా అరవనిచ్చాను. అరిస్తే ఆయనకు బీపీ తగ్గుతుంది.

జూన్ 2

ఆవుల పని అయ్యాక నేనే బానెట్ ఎత్తి చూశాను. రేడియేటర్ మూత తీస్తే లోపల తెల్లగా సున్నం. గోడకు వేసుకోవచ్చు. మా పొలం బోరు నీళ్ళు పోస్తున్నాడు మహానుభావుడు. "మన బోరు నీళ్ళక్కా, తేనె మాదిరి ఉంటాది." తేనె! ఆ నీళ్ళతో టీ కాస్తే గిన్నె అడుగున రాయి కడుతుంది, రోజూ చూస్తాడు. ఇంజిన్‌లో మాత్రం కట్టదని నమ్మకం. వీడొక్కడే కాదు, ఈ పక్క లారీలున్న ప్రతివాడూ ఇంతే. ఎవడి బోరు ఎంత లోతుకు పోతే వాడంత గొప్ప. ఆ ఉప్పు నీళ్ళు తెచ్చి బండికి తాగించి, మళ్ళీ బండిని తిట్టడం.

జూన్ 5, మదనపల్లె

ఖాదర్ మేస్త్రి షెడ్డు. నాన్న రోజుల నుంచి మా ఇంజిన్ ఈయన చేతిలోదే. పెద్దాయన. కాని నేను ఏది అడిగినా మునిరత్నం మొహం చూసి జవాబు చెబుతాడు. లారీ నా పేరు మీద ఉంది. నాన్న పోయేనాటికి వీడికి మీసం కూడా రాలేదు, కాబట్టి నా పేరు మీదే ఉంది. "ఇంజిన్ ఇప్పాల్సిందేనమ్మా" అన్నాడు, వాడి వైపే చూస్తూ.

సరే, విప్పమన్నాను. నేను చెప్పింది: రేడియేటర్ కడగండి, పిస్టన్ రింగులు మార్చండి, బ్రేకులు చేయండి. వాళ్ళిద్దరికీ వినిపించింది: టర్బో.

జూన్ 6

పొద్దున్నుంచీ అదే పాట. "పెద్ద టర్బో ఏస్తే ఘాటు ఎట్లెక్కతాదో సూడక్కా."

ఎక్కేది సరే. దిగేది?

చెన్నైకి పోయేటప్పుడు మొగిలి ఘాట్ దిగాలి. లోడుతో దిగాలి. ఎక్కేది తిరుగు ప్రయాణంలో, ఖాళీ క్రేట్లతో. ప్లాస్టిక్ క్రేట్లు మోయడానికి పెద్ద టర్బో ఎందుకు? ఇంత చిన్న సంగతి ఇద్దరు మగాళ్ళకు నేను విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఇద్దరూ నవ్వారు. మేస్త్రి అయితే కళ్ళు తుడుచుకున్నాడు కూడా. "మీ అక్క లా చదివినట్టుండాదప్పా."

జూన్ 9

మళ్ళీ చెప్పాను, బ్రేకు లైనర్లు అరిగిపోయాయని. మళ్ళీ అదే జవాబు. "సూస్తాంలేక్కా."

జూన్ 12

ఇంజిన్ కట్టేశారు. నేను వద్దన్నా టర్బో బిగించారు. పూజ! ఆ పూజ చూడాల్సిందే. టర్బోకి పసుపు, కుంకుమ, పైన చామంతి దండ. స్టార్ట్ చేసి కాసేపు రేస్ చేశారో లేదో, దండ మాడి కమురు కంపు. షెడ్డంతా చేతులు జోడించి నిలబడింది, ధూపం అనుకున్నారేమో. నేను నవ్వాను. అపశకునం అని మునిరత్నం నన్ను పక్కకు నెట్టాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఆ టైర్లను ఆపే లైనర్ల సంగతి ఎవరికీ గుర్తు లేదు.

రేడియేటర్‌లో ఈసారి పచ్చ కూలెంట్ పోయించాను. బోరు నీళ్ళ బకెట్ నేనే ఎత్తి కాలవలో పారబోశాను. అదొక్కటే నేను గెలిచింది.

జూన్ 15

కొత్త రింగులు. కొన్నాళ్ళు తేలిక లోడుతో నిదానంగా తోలాలని మేస్త్రే చెప్పాడు. "అట్లే అట్లే" అన్నాడు వీడు. ఈ రోజు కుప్పం పోతున్నానంటాడు. దేనికి? "ఊరికే, బండి ఎట్లుండాదో సూసేదానికి." ఊరికే కుప్పం పోయినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

జూన్ 17

శాంతిపురం దగ్గర గ్రానైట్ రాయి ఎత్తుకుని కుప్పంలో దించాడట. తేలిక లోడు. రాయి!

అది చాలదు. గేటు దగ్గర యాక్సిలరేటర్ తొక్కగానే నల్లటి పొగ. దండెం మీద ఆరేసిన నా చీర మసి. ఉతికింది పొద్దున్నే.

"డీజిల్ పంపు పెంచినారా?"

"రోంతక్కా."

కుప్పంలో పంపు మేస్త్రి ఒకడున్నాడట. తమిళ డ్రైవర్లు కూడా వాడి దగ్గరికే వస్తారట. ఒక స్క్రూ తిప్పితే డీజిల్ ఎక్కువ పోసి, లాగుడు రెట్టింపు. "ఏం లాగతాదో తెల్సా అక్కా! బస్సులన్నీ ఎనకాలే!" కళ్ళల్లో వెలుగు. స్కూలు పందెంలో మొదటొచ్చిన రోజు కూడా ఇట్లాగే వచ్చి నా ముందు నిలబడ్డాడు. అప్పుడు ముద్దొచ్చాడు. ఇప్పుడు బస్సును దాటడం కోసం నాన్న ఇంజిన్‌ని నిలువునా కాలుస్తున్నాడు.

అన్నం పెట్టాను. చీర మళ్ళీ నానబెట్టాను.

జూన్ 18

రెడ్డప్ప ఫోన్. ఈసారి అరుపులు లేవు, తేనె. "మీ తమ్ముడు మొగోడమ్మా! మొన్నదాకా ఎద్దులబండి, ఇప్పుడు ఇమానం." అందరికంటే ముందు చేరాడట. బహుమతిగా ఇకనుంచి ఇంకో వరస క్రేట్లు పైన ఎక్కిస్తాడట.

బరువు పెరిగింది. వేగం పెరిగింది. బ్రేకులు మాత్రం నాన్న నాటివి. ఇది అర్థం కావడానికి ఏం చదవాలి? సైకిల్ తొక్కిన ప్రతివాడికీ తెలుసు.

జూన్ 21

పట్టుబట్టి క్యాబిన్‌లో కూర్చున్నాను. ఊరి బయటదాకా తోలమన్నాను. టీకొట్టు ముందు నుంచి ఎవడో కూత పెట్టాడు, "ఆర్టీవో మేడమ్ వచ్చిందప్పోయ్." వాడి ముఖానికి నవ్వొకటి.

ఖాళీ బండి. చదును రోడ్డు. "ఇప్పుడు తొక్కు" అన్నాను. తొక్కాడు. లారీ వినలేదు. అడుగంటా తొక్కితే ఎడమ పక్కకు లాగుతూ, చింతచెట్టు దాటిపోయి, ఎప్పటికో నిలిచింది.

"నాకు అలవాటేలేక్కా. రోంత ముందుగా తొక్కితే సరిపోతాది."

అలవాటట. ఘాట్‌కి అలవాటు ఉండొద్దూ? ఎదురొచ్చే వాడికి ఉండొద్దూ?

నాకు భయం వేసింది. వాడికి చెప్పలేదు, "సిగ్గులేని బండి, సిగ్గులేని డ్రైవరు" అని మాత్రం అన్నాను.

జూన్ 22

తాళం తీసుకున్నాను. వాడు స్నానం చేస్తుంటే చొక్కా జేబులోంచి.

"బ్రేకులు చేసేదాకా బండి కదలదు."

"మండీలో లోడు కట్టేసినారక్కా! మాటిచ్చినా!"

"లోడు పోతే పోనీ."

తల కూడా తుడుచుకోకుండా నిలబడి అరిచాడు. ఊళ్ళో మొహం ఎత్తుకోలేనన్నాడు. నన్ను నమ్మవా అన్నాడు. ఎప్పుడూ నమ్మలేదన్నాడు. నేను అంట్లు తోముతూనే ఉన్నాను. అప్పుడు గొంతు తగ్గించి అడిగాడు. "నీకు యాల ఇంత భయం? బండి పోతాదనా... నేను పోతాననా?"

"బండి" అన్నాను.

ఎందుకన్నానో. నాలుక అలవాటు. పదిహేనేళ్ళుగా వాడితో ఇట్లాగే మాట్లాడుతున్నాను, వాడూ నవ్వి ఊరుకుంటాడు. ఈసారి నవ్వలేదు.

జూన్ 23

అన్నం తినలేదు. అరుగు మీద వీపు తిప్పుకుని కూర్చున్నాడు. నేను పిలవలేదు.

జూన్ 24

లైనర్లు తీసుకుని ఖాదర్ మేస్త్రి బస్సులో వచ్చాడు. చక్రాలు విప్పాడు. లైనర్లలో అరగడానికి ఇంకేమీ లేదు, వాటిని బిగించిన రివెట్లు తేలి బ్రేకు డ్రమ్ముని గీరుతున్నాయి. ఒక డ్రమ్ముకి పగులు. నా వేలు పెట్టి చూపించాను.

ఆయన ఆ పగులు వైపు చూశాడు. బీడీ వెలిగించాడు. "ఇంకొక ట్రిప్పు పోయుండొచ్చమ్మా. అనవసరంగా పిల్లోడికి అవమానం చేస్తిరి."

వీళ్ళకు ఏం చెప్పాలి? డ్రమ్ము రెండు ముక్కలై రోడ్డు మీద పడినా, ఆ ముక్కల పక్కన నిలబడి ఇదే మాట అంటారు. కొత్త డ్రమ్ము తెప్పించమన్నాను. ఆ కుప్పం స్క్రూ కూడా ఎక్కడిది అక్కడికి తిప్పమన్నాను. గొణుక్కుంటూ తిప్పాడు.

మునిరత్నం మండీ వైపు పోయొస్తానన్నాడు. నాతో కాదు, మేస్త్రితో.

జూన్ 25

లారీ తయారు. మేస్త్రి తోలి చూపించాడు. తొక్కినచోట నిలిచింది. పొగ లేదు. నాన్న ఉన్నప్పుడు ఇట్లా ఉండేది. గేటు ముందు కడిగి నిలబెట్టాం. తాళం వాడి చేతికే ఇద్దామనుకున్నాను. ఒక మాట కూడా అనుకుని పెట్టుకున్నాను, తిట్టు లేకుండా.

వాడు ఇంటికి రాలేదు.

సాయంత్రం రెడ్డప్పకు ఫోన్ చేశాను. "నాలుగ్గంటలకే లోడెత్తుకొని పాయ కదమ్మా. ఇంకొకాయన బండికి డ్రైవరు రాలేదంటే, నేను పోతా అని మీవోడే ఎక్కినాడు."

ఎవరి బండి?

"ఏదో పాత బండిలేమ్మా. పంపు పెంచిన బండి. బాగా లాగతాది."

దాని బ్రేకులు ఎవరు చూశారని అడిగాను. నవ్వాడు.

చెన్నైకి పోవాలంటే పుంగనూరు మీదుగానే పోవాలి. అంటే మా గేటు ముందు నుంచే పోయుంటాడు. నేను పాలు పితుకుతున్న వేళ. హారన్ కూడా కొట్టలేదు.

వాడి ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. తోలేటప్పుడు ఫోన్ ఎత్తొద్దని వెయ్యిసార్లు తిట్టింది నేనే. నేను చెప్పినవాటిలో ఈ ఒక్కటి విన్నాడు, వెధవ. ఎత్తకపోవడమే మంచిది. ఘాట్‌లో ఉండుంటాడు.

మళ్ళీ చేస్తున్నాను.